అరవై దాటినంక చెప్పుడు తప్పా?

హన్మకొండ బిడ్డ: మా చిన్నమ్మకు 61. చిన్నాయిన పోయి నాలుగేండ్లు. మొన్న సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు కట్టుకుంట, "నేను లెస్బియన్‌ను. పదహారేండ్లప్పటి నుంచే ఎరుక" అన్నది. కొడుకు మాట్లాడుతలేడు. ఈ వయసుల చెప్పుడు తప్పా?

కాజీపేట అన్న: తప్పే. పండుగ పూట, ఇంటినిండ చుట్టాలున్నప్పుడా?

తంగేడుపువ్వు: ఇన్నేండ్లు ఎట్ల చెప్తది? ఆడ-ఆడ, మగ-మగ సంబంధాన్ని నేరంగ చూసిన 377 సెక్షన్‌ను 2009ల ఢిల్లీ హైకోర్టు పక్కకు పెడితే, 2013ల సుప్రీంకోర్టు మళ్ల తెచ్చింది. నేరం కాదని తేలింది 2018 సెప్టెంబరు 6న. 2023లనేమో లగ్గం హక్కు లేదన్నరు.

కరీంనగర్ పిల్ల: 377 ఆడోళ్ల మీద పెట్టుడు అరుదుగనే ఉండె కదా అక్కా?

తంగేడుపువ్వు: కేసు పెట్టుడు అరుదే. బెదిరిచ్చుడు అరుదు కాదు.

కాజీపేట అన్న: కోర్టు ముచ్చట కాదు. పండుగ నాడెందుకు చెప్పాలె?

తంగేడుపువ్వు: ఒక్క పండుగనే పట్టుకున్నవేంది? నాకు పందొమ్మిదేండ్లకు లగ్గం కుదిరిచ్చిన్రు. వద్దని మా అమ్మకు చెప్పిన, ఎందుకో కూడ చెప్పిన. చెంప మీద కొట్టి, తెల్లారి గాజులు తొడిగిచ్చింది. మంచిరోజు చూసుకునే చెప్పిన నేను!

కాజీపేట అన్న: నీకు గాజులు. మరి నాకు? తొమ్మిదేండ్లు కాపురం చేసి నా భార్య గిదే మాట చెప్పి పోయింది. పీటల మీద నా పక్కన కూసున్న రోజే ఆమెకు తెలుసట. నేనేం పాపం చేసిన? ఆ కొడుకు కోపం నాకు తెలుసు.

తంగేడుపువ్వు: నువ్వేం పాపం చెయ్యలేదన్నా. కూసుండబెట్టినోళ్లను అడుగు.

కాజీపేట అన్న: అడుగుదామంటే మా అత్తమామలు లేరు.

హన్మకొండ బిడ్డ: చిన్నమ్మది కోరుట్ల దిక్కు. చిన్నప్పుడు సోపతామెతోని కలిసి బీడీలు చేసేదట. చిన్నమ్మకు జరమొస్తే, రోజుకు వెయ్యి బీడీల లెక్క తగ్గొద్దని ఆమె తన కట్టలు చిన్నమ్మ చేటల పెట్టేదట. ఇదొక్కటే చెప్పి ఏడ్చింది. "మా నాయినను ఎన్నడన్న ఇష్టపడ్డవా?" అని కొడుకు అడిగిండు. అప్పుడు నోరు తెరవలేదు. నిన్న నాతోని అన్నది: "మంచోడు బిడ్డా. మంచాన పడ్డంక రెండేండ్లు నేనే తినిపిచ్చిన. కడుపుల ఇష్టం మాత్రం రాలే. తెచ్చుకుందామని శాన చూసిన."

కాజీపేట అన్న: ఈ ముక్క కొడుకుతోని చెప్పుమను. ఉన్నదున్నట్టు, ఆఖరి మాట కూడ. నాకెవ్వరు చెప్పలే.

కాజీపేట అన్న: పండుగ నాడు మాత్రం చెప్పొద్దుండె.