సమస్య: సాలెగూడు గట్టెఁ జక్రవర్తి

శ్రీకాకుళం నుంచి ఈ వారం సమస్య ఇది. ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించాలి. ఆటవెలది నాలుగో పాదం. గూడు కట్టేది సాలీడు, బట్ట కట్టేది మనిషి. మరి రాజుగారు సాలెగూడు ఎలా కట్టారో చెప్పండి. సా-జ యతి చెల్లుతుంది, టెన్షన్ పడకండి.

పాలకొండ సభ్యుడి పూరణ:

మోటుపల్లి రేవు ముంగిట నమ్మిన
మేలి వలువఁ జూచి మెచ్చె నొకఁడు
అంత సన్న నేత యంగమ్ముపైఁ దోఁప
సాలెగూడు గట్టెఁ జక్రవర్తి

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిపోయాయి. ఆ 'ఒకఁడు' ఎవరండీ?

పాలకొండ: మార్కో పోలో. 13వ శతాబ్ది చివర మన తీరానికి వచ్చి, ఇక్కడి బట్ట సాలెగూడులా ఉందని, దాన్ని కట్టడానికి ఇష్టపడని రాజూ రాణీ ఉండరని రాశాడు. 'మార్కో' రెండు గురువులాయె, గురులఘువులో మూడు లఘువులో మాత్రమే ఉండే సూర్యగణంలో పట్టలేదు.

నిర్వాహకుడు: మూడో పాదంలో అంతకంటే పెద్ద ఇంద్రగణాలున్నాయిగా! సర్లెండి, 'ఒకఁడు' కూడా బాగానే ఉంది.

బొబ్బిలి: పోలో చెప్పింది రాణి ఏలుబడి. చక్రవర్తి ఎక్కణ్ణుంచి వచ్చాడు?

నిర్వాహకుడు: మంచి ప్రశ్న. కానీ ఆ రాణి, రుద్రమదేవి, శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అనే కనిపిస్తుంది. కాబట్టి చెల్లుతుంది. ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చినా వర్తకుల సరుకు లాక్కోబోమని ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించింది కూడా ఈ మోటుపల్లిలోనే.

పొందూరు సభ్యురాలి పూరణ:

నేసినట్టివాఁడు నిలువునా ముతకనే
చుట్టుకొనియె నతని చూపు ముందె
కోట మేడ మీదఁ గులుకుచు సొగసుగ
సాలెగూడు గట్టెఁ జక్రవర్తి

నిర్వాహకుడు: అమ్మా, ఇది నాకు బాగా నచ్చింది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే ఊరు కదా మీది, సన్ననూలు వెనక ఎంత చాకిరీ ఉందో మీకే తెలుసు. సాలె అంటే నేతగాడు కూడా, ఆ శ్లేష అడక్కుండానే కలిసొచ్చింది. 'ముందె' అని కుదించడం మాత్రం పంటికింద రాయిలా ఉంది. 'చుట్టుకొనియె నతఁడు చూచుచుండ' అంటే అన్వయమూ కుదురుతుంది.

పొందూరు: మార్చేశాను గురువుగారూ.

గజపతినగరం సభ్యుడి పూరణ:

ఇంటి మూల నేది యెవ్వరూడ్వని చోట
పొయ్యిలోన నేది భువిని నెవఁడు
ఏలు ననుచు నడుగ నిట్టె బదులు వచ్చె
సాలెగూడు గట్టెఁ జక్రవర్తి

నిర్వాహకుడు: అడిగిన వరుసలోనే సాలెగూడు, కట్టె, చక్రవర్తి అని జవాబులొచ్చే క్రమాలంకారం సరదాగా ఉంది, నవ్వొచ్చింది. కానీ పొయ్యిలో కట్టె నామవాచకం, దానికి ద్రుతం (చివరి నకారం) లేదు. అది లేకపోతే 'చ' మారి 'గట్టెఁ జక్రవర్తి' అని సరళం ('జ') రాదు. నేనిచ్చిన పాదంలో కట్టె క్రియ.

గజపతినగరం: అయితే నా కట్టె పొయ్యిలోకే మాస్టారూ. రేపు ఇంకోటి పంపుతాను.