ఇంట్లోనే వేసుకునే కీమో మాత్రలు: అమ్మ విషయంలో మేము చేస్తున్నది సరైనదేనా?

పెన్న ఒడ్డు (తాడిపత్రి దగ్గరి పల్లె, అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 62 ఏళ్లు. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉందని తెలిసి, మూడు నెలల కిందట బెంగళూరులో ఆపరేషన్ చేయించాము. ఆ తర్వాత కాపెసిటబిన్ మాత్రలు ఇంట్లోనే వేసుకుంటే చాలని డాక్టరు గారు రాసి ఇచ్చారు. 500 మి.గ్రా. మాత్రలు ఉదయం మూడు, రాత్రి మూడు చొప్పున 14 రోజులు వేసుకుని, తర్వాత 7 రోజులు ఆపాలి. ఈరోజు రెండో విడతలో తొమ్మిదో రోజు.

మందులు తీసుకున్న రోజు కౌంటరు దగ్గర రద్దీగా ఉంది. వాళ్లు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ చెప్పిన జాగ్రత్తల్లో సగమే నాకు అర్థమయ్యాయి. ఇంటికి వచ్చాక ఒక్కొక్క సందేహం మొదలైంది. అమ్మ ప్రతి శనివారం వేంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటుంది. ఆ రోజు ఉదయం మాత్రలు పరగడుపునే వేసుకుంటోంది. పోయిన గురువారం కడపలో మా చెల్లెలి ఇంటి నుంచి తిరిగి వస్తుంటే బస్సు ఆలస్యమై రాత్రి మాత్రలు తప్పిపోయాయి. మరునాడు ఉదయం ఆరూ కలిపి ఇద్దామా అనుకున్నాను కానీ, ధైర్యం చాలక మూడే ఇచ్చాను. నీరసంగా ఉందంటే మా ఊరి ఆర్‌ఎంపీ బలానికని బి-కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చాడు. నాలుగు రోజులుగా అమ్మ అరచేతులు ఎర్రబడుతున్నాయి, నొప్పి మాత్రం లేదంటోంది. మాకు చీనీ (బత్తాయి) తోట ఉంది కాబట్టి రోజూ రెండు గ్లాసుల చీనీరసం ఇస్తున్నాము. మాత్రలు రేకుల గదిలో ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

ఇంకొక మాట. మాత్ర పెద్దదిగా ఉండి అమ్మకు గొంతు దిగడం లేదు. అందుకని నా భార్య వంటింటి కత్తితో ముక్కలు చేసి, అరటిపండు గుజ్జులో కలిపి ఇస్తోంది. ఆమెకు ఇప్పుడు అయిదో నెల. ఇందులో ఏవి తప్పో, ఏవి ఒప్పో తెలిసినవారు చెప్పగలరు.

హంద్రీ తీరం (కర్నూలు)

పెన్న ఒడ్డు గారికి నమస్కారం. నేను క్యాన్సర్ రోగులకు మందులిచ్చే కౌంటరులో చాలా ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మీరు అన్నిటికన్నా చివర రాసిన విషయాన్నే నేను మొదట తీసుకుంటాను. మీ భార్య ఆ మాత్రలు విరవడం ఈ రాత్రి నుంచే ఆపించండి. గర్భంతో ఉన్నవారు ఈ మాత్రలను చేత్తో తాకనేకూడదు. సూది ద్వారా కీమో ఎక్కించే నర్సు చేతికి తొడుగులు, ఒంటికి గౌను వేసుకోవడం మీరు బెంగళూరులో చూసే ఉంటారు. కాపెసిటబిన్ ఒంట్లోకి వెళ్లాక ఫ్లోరోయురాసిల్‌గా మారుతుంది. ఆసుపత్రిలో నరానికి ఎక్కించే కీమో మందుల్లో అది కూడా ఒకటి. మాత్ర పైపూత చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు మందు లోపలే ఉంటుంది. కత్తి పెట్టగానే పొడి రాలి చేతికీ, పీటకీ, తర్వాత అదే కత్తితో తరిగే కూరగాయలకూ అంటుకుంటుంది. ఆ కత్తినీ పీటనూ మీరే తొడుగులు వేసుకుని సబ్బుతో శుభ్రంగా కడిగి, వంటకు వేరేవి వాడండి. ఇన్నాళ్లు తాకినందుకు మీ భార్యను భయపెట్టవద్దు. కానీ ఆమెను చూసే ప్రసూతి డాక్టరుకు ఈ సంగతి దాచకుండా చెప్పండి.

మాత్రలు అమ్మే స్వయంగా తీసుకోగలిగితే అదే మేలు. స్ట్రిప్పు నుంచి నేరుగా ఒక చిన్న స్టీలు గిన్నెలోకి వత్తి, గిన్నెతోనే నోట్లో వేసుకుని, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ గిన్నెను ఇక దేనికీ వాడకండి. మీరు ఇవ్వవలసి వస్తే తొడుగులు వేసుకోండి. ముందు ఒక గుటక నీళ్లు తాగి గొంతు తడుపుకుని, ఒక్కొక్క మాత్ర చొప్పున నిదానంగా మింగమనండి. మూడూ ఒక్కసారే మింగాలన్న నియమం లేదు. అప్పటికీ దిగకపోతే ఆ మాట డాక్టరుకు చెప్పండి. 150 మి.గ్రా. మాత్రలు కూడా తయారవుతాయి, అవి పరిమాణంలో చిన్నవి. ఏ మార్పైనా వారు చెప్పినట్టే జరగాలి, ఇంట్లో మనం నూరుకోకూడదు.

ఒక్కపొద్దు విషయానికి వస్తే, ఈ మాత్రలు భోజనమైన అరగంట లోపల నీళ్లతో వేసుకోవాలి. ఉదయానికీ రాత్రికీ మధ్య సుమారు పన్నెండు గంటల ఎడం ఉండాలి. అంటే రోజుకు రెండుసార్లు కడుపులో ఏదో ఒకటి పడి తీరాలి. విందు భోజనమే కానక్కరలేదు, గుప్పెడు ఉప్మా అయినా, సంగటి ముద్దలో సగమైనా చాలు. అమ్మకు ఆ శనివారం ఎంత ముఖ్యమో నాకు తెలుసు కాబట్టి ఒక ఉపాయం చెబుతాను. మాత్రలు ఆపే ఏడు రోజుల్లో ఒక శనివారం తప్పకుండా వస్తుంది. ఒంట్లో ఓపిక ఉండి, డాక్టరు గారు సరేనంటే, ఒక్కపొద్దు ఆ ఒక్క శనివారానికి పెట్టుకోమనండి. అయితే మీ అమ్మకు చెప్పిన ఈ నియమాన్ని పక్కింటి క్యాన్సర్ రోగికి చెప్పకండి. కీమో సంగతి పక్కన పెట్టినా, నోటితో వేసుకునే క్యాన్సర్ మందులన్నిటికీ ఒకే పద్ధతి లేదు. ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఇచ్చే ఇమాటినిబ్ అన్నంతో పాటు, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే అబిరటెరాన్ పరగడుపునే వేసుకోవాలి, తిన్నాక వేసుకుంటే రక్తంలో ఆ మందు అనేక రెట్లు పెరిగిపోతుంది.

తప్పిపోయిన మోతాదు విషయంలో మీరు చేసిందే సరైన పని. తప్పినదాన్ని వదిలేసి, తర్వాతిది దాని వేళకు వేసుకోవాలి. రెండూ కలిపి వేయకూడదు. మాత్ర మింగాక వాంతి అయినా మళ్లీ ఇవ్వకూడదు. రెండు సందర్భాల్లోనూ తేదీ రాసిపెట్టుకుని ఆసుపత్రిలో చెప్పాలి.

బి-కాంప్లెక్స్ స్ట్రిప్పు వెనక చదవండి. అందులో ఫోలిక్ ఆమ్లం ఉంటే ఈరోజే ఆపి, డాక్టరుకు ఫోన్ చేయండి. ఫోలిక్ ఆమ్లం మామూలుగా మంచిదే, మీ భార్యకు కావలసిందే. కానీ అది కాపెసిటబిన్‌తో కలిస్తే కీమో దుష్ప్రభావాలు పెరిగి, విరేచనాలు, నోటిపూత ముదురుతాయి. ఒకే ఇంట్లో గర్భిణి వేసుకునే ఫోలిక్ ఆమ్లం మాత్రలూ, అమ్మ మాత్రలూ ఒకే పెట్టెలో ఉండటం నాకు అసలు నచ్చదు, వేరుచేయండి. రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్ కూడా ఇలాంటిదే. కాపెసిటబిన్‌తో కలిస్తే ప్రాణం మీదికి తెచ్చే రక్తస్రావం జరగవచ్చు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, యూరిక్ ఆమ్లానికి వాడే అల్లోప్యూరినాల్ కూడా డాక్టరుకు తెలియకుండా నడవకూడదు. పసరు మందుల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చీనీరసం గురించి పెద్దగా కంగారు పడవద్దు. కొన్ని క్యాన్సర్ మందులతో పడనిది పంపరపనస జాతి, చీనీ అది కాదు. మాత్రలు మాత్రం నీళ్లతోనే మింగించండి. నోరు పూసినప్పుడు పులుపు మండుతుంది కాబట్టి అప్పుడు రసం ఆపండి.

ట్రంకుపెట్టెను రేకుల గదిలోంచి తీసేయండి. ఈ మాత్రలు 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి. మన వేసవిలో రేకుల కింద ఎంత వేడి ఉంటుందో మీకు తెలియనిది కాదు. మిద్దె ఇంట్లో ఎండ పడని లోపలి గదిలో, పిల్లలకు అందని గూట్లో, కంపెనీ స్ట్రిప్పులోనే ఉంచండి. ఆసుపత్రివాళ్లు చెప్పనిదే ఫ్రిజ్‌లో పెట్టకండి.

ఇక ఎప్పుడు మాత్రలు ఆపి ఫోన్ చేయాలో చెబుతాను. మామూలుకన్నా రోజుకు నాలుగుసార్లు ఎక్కువగా విరేచనాలైనా, రాత్రి నిద్రలో లేచి వెళ్లవలసి వచ్చినా, 24 గంటల్లో ఒకటికన్నా ఎక్కువసార్లు వాంతి అయినా, తినలేనంతగా నోరు పూసినా, తర్వాతి మోతాదు వేయకుండా ఫోన్ చేయండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చేరితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకండి. తెల్లకణాలు తగ్గినప్పుడు వచ్చే జ్వరం గంటల్లో ప్రమాదకరమవుతుంది. ఛాతీలో నొప్పి వస్తే ఫోన్లతో కాలం గడపకుండా 108 పిలిపించి దగ్గరలోని పెద్దాసుపత్రికి తీసుకుపోండి, అక్కడ కాపెసిటబిన్ పేరు చెప్పండి.

కుందూ గట్టు (ప్రొద్దుటూరు ప్రాంతం, కడప జిల్లా)

అన్నా, హంద్రీ తీరం గారు చెప్పినదానికి మా ఇంట్లో జరిగినది కలుపుతున్నాను. మా నాయనకు కూడా రోజుకు ఆరు మాత్రలే. 14 రోజులకు 84 కావాలి. స్ట్రిప్పుకు పది కాబట్టి మాకు తొమ్మిది స్ట్రిప్పులు ఇచ్చారు. పద్నాలుగో రోజు రాత్రి ఆఖరి స్ట్రిప్పులో ఆరు మిగిలాయి, సరిగ్గా ఒక రోజు మోతాదు. ఖరీదైన మందు వృథా కాకూడదని ఆయన ఎవరికీ చెప్పకుండా పదిహేనో రోజు కూడా వేసుకున్నాడు. అంతటితో ఆగక, ఏడు రోజులు మందు మానితే జబ్బు తిరగబెడుతుందని భయపడి, తర్వాతి విడత కోసం తెచ్చిపెట్టిన స్ట్రిప్పు తెరిచి ఇంకో రెండు రోజులు వేసుకున్నాడు. నాలుగో రోజుకు నోట్లో తడి లేకుండా పుండ్లు పడి, మజ్జిగ కూడా మింగలేక, విరేచనాలతో మంచం పట్టాడు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాడు. బయటపడ్డాడు కానీ, ఆ తర్వాత మోతాదు తగ్గించవలసి వచ్చింది.

ఆ ఏడు రోజులు కూడా వైద్యంలో భాగమేననీ, పేగు లోపలి పొర, నోటి పొర, ఎముక మూలుగ కోలుకునేది అప్పుడేననీ మాకు ముందే ఎవరైనా నిదానంగా చెప్పి ఉంటే, నాయన ఆ పని చేసి ఉండేవాడు కాదు. పెద్దవాళ్లకు మందు మానడమంటేనే భయం. అందుకే ఇప్పుడు మా గోడ మీద తెలుగు క్యాలెండరులో మాత్రలు వేసుకునే రోజులకు ఎర్ర సున్నా, ఆపే రోజులకు పచ్చ సున్నా చుట్టాను. మాత్ర మింగగానే నాయనే పెన్సిలుతో గీత కొడతాడు, ఉదయానికొకటి, రాత్రికొకటి. ఆపే వారం మొదలవగానే మిగిలిన మాత్రలు నా బీరువాలోకి వెళతాయి. మిగిలినవాటిని చెత్తలోనూ మరుగుదొడ్డిలోనూ వేయకుండా, తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు అప్పగించేస్తాము.

మీ ఇంట్లో గర్భిణి ఉన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. అమ్మ మాత్రలు వేసుకునే రోజుల్లోనూ, ఆపిన తర్వాత రెండు రోజులూ ఆమె మలమూత్రాల్లో, వాంతిలో మందు ఆనవాలు ఉంటుంది. మరుగుదొడ్డిలో రెండుసార్లు ధారాళంగా నీళ్లు పోయాలి. మురికైన గుడ్డలు మీరే తొడుగులతో తీసి విడిగా ఉతకాలి. అంతేకానీ అమ్మను దూరం పెట్టనక్కరలేదు. పక్కన కూర్చోవచ్చు, కలిసి తినవచ్చు, మీ భార్య ఆమె తల దువ్వవచ్చు. మా బంధువుల్లో ఒకరు నాయన కంచం వేరుచేస్తే ఆయన ఎంత కుంగిపోయాడో నేను చూశాను.

ధర్మవరం నేత

అరచేతుల గురించి రాస్తున్నాను. నాకు రొమ్ము క్యాన్సర్‌కు ఇదే మందు ఇచ్చారు. మగ్గం మీద పని కాబట్టి ఎర్రదనం త్వరగా నొప్పిగా మారింది. వేడినీళ్లు, అంట్లు తోమడం, గట్టిగా పట్టుకునే పనిముట్లు, బిగుతు చెప్పులు, ఎండలో వట్టికాళ్లతో నడవడం మానాలి. చిక్కటి క్రీము రోజుకు రెండు మూడుసార్లు రుద్దకుండా పూయాలి. చలువ చేస్తుందని గోరింటాకు పెట్టవద్దు. ఆ ఎరుపులో అసలు ఎరుపు కనిపించదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2024లో ప్రచురించిన పరిశోధనలో 1 శాతం డైక్లోఫెనాక్ జెల్ చేతులకు పూసినవారిలో ఈ బాధ గట్టిగా వచ్చినవారు 3.8 శాతం, మందు లేని ఉత్తి జెల్ పూసినవారిలో 15 శాతం. మా డాక్టరును అడిగి నేను కూడా వాడాను, మీరు కూడా అడిగే వాడండి. చర్మం పగిలినా, పొక్కులు లేచినా, చొక్కా గుండీ పెట్టుకోలేనంత నొప్పి ఉన్నా మాత్రలు ఆపి ఫోన్ చేయాలి.

ఇంకొకటి ఎవరూ ముందు చెప్పరు. ఈ మందుతో వేలిముద్రలు చెరిగిపోవచ్చు. సింగపూర్ రోగి ఒకరిని 2008లో అమెరికాలో వేలిముద్రలు కనిపించక నాలుగు గంటలు ఆపేశారని ఆయన వైద్యులు 2009లో రాశారు. నాకు రేషన్ దుకాణంలో రెండు నెలలు ముద్ర పడలేదు. ఆధార్‌లో కనుపాపతోనూ ముఖంతోనూ గుర్తించే పద్ధతులున్నాయి, అమ్మకు పింఛను ఉంటే డాక్టరు చీటీ తీసుకుని ముందే సచివాలయంలో చెప్పి ఉంచండి.

పెన్న ఒడ్డు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రెండు రోజుల్లో చేయగలిగినవి చేశాను. బి-కాంప్లెక్స్ స్ట్రిప్పులో ఫోలిక్ ఆమ్లం ఉంది, ఆపేశాము. బెంగళూరు డాక్టరు గారితో మాట్లాడాను. అరచేతుల్లో నొప్పి లేదు కాబట్టి మాత్రలు ఇదే మోతాదులో కొనసాగించమన్నారు, నొప్పి మొదలైతే ఆపి ఫోన్ చేయమన్నారు. సోమవారం తాడిపత్రిలో రక్తపరీక్ష చేయించి పంపమన్నారు. నా భార్య విషయం ప్రసూతి డాక్టరమ్మకు చెప్పాము. ఆమె కోప్పడలేదు, స్కానింగు తేదీ కాస్త ముందుకు జరిపింది.

అమ్మ మొదట ఒక్కపొద్దు మాటకు ఒప్పుకోలేదు. ఆపే వారంలో శనివారం వస్తుందని వేళ్ల మీద లెక్కపెట్టి చూపిస్తే, స్వామి కూడా కాదనడులే అంది. ఎల్లుండి శనివారం పొద్దున ఉప్మా తింటానని తనే చెప్పింది.

నిన్న రాత్రి మాత్రలు లెక్కపెట్టాను. మాకు కూడా విడతకు తొమ్మిది స్ట్రిప్పులే కాబట్టి, పద్నాలుగో రోజు గడిచాక తప్పిపోయిన మూడింటితో కలిపి తొమ్మిది మిగలాలి. మొదటి విడతవి ఆరు ట్రంకుపెట్టె అడుగున దొరికాయి. పదిహేనూ ఒక డబ్బాలో వేసి, పైన అమ్మ పేరు రాసి, బెంగళూరు ప్రయాణం సంచిలో పెట్టాను.