నెట్‌వర్క్ డ్రైవర్ రివ్యూలో ముందు చూడాల్సింది స్టైలా, బగ్గా?

#1
లినక్స్ నెట్‌డెవ్‌కి, అంటే కెర్నల్ నెట్‌వర్కింగ్ కోడ్ చూసే మెయిలింగ్ లిస్ట్‌కి, ప్యాచ్ (కోడ్ మార్పు) పంపే ముందు మా టీమ్‌లో లోపల ఒక రివ్యూ ఉంటుంది. నా ఈథర్‌నెట్ డ్రైవర్‌కి మొదటి రౌండ్‌లో వచ్చిన కామెంట్లన్నీ వేరియబుల్స్ వరస గురించే, పొడవైన డిక్లరేషన్ పైన, పొట్టిది కింద, అదే రివర్స్ క్రిస్మస్ ట్రీ. మార్చాను. రెండో రౌండ్‌లో 80 కాలమ్‌లు దాటిన లైన్లు. మూడో రౌండ్ కూడా అయ్యాక బోర్డు మీద నడిపి చూస్తే నేనే పట్టుకున్నాను: ఇంటర్‌ఫేస్‌ని అప్ చేసే ఓపెన్ ఫంక్షన్‌లో ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైన్) తీసుకున్నాక ఫై (కేబుల్ వైపు చిప్) కనెక్ట్ ఫెయిలైతే, రింగ్ బఫర్లు (ప్యాకెట్ల కోసం తీసుకున్న మెమరీ) ఫ్రీ అవుతున్నాయి గానీ ఐఆర్‌క్యూ అలాగే ఉండిపోతోంది. ఇంటర్‌ఫేస్ రెండోసారి అప్ చేస్తే డివైస్ బిజీ అంటోంది. ఆ పది లైన్లు ఒక్కరూ చదవలేదంటే బాధేసింది. స్టైల్ కామెంట్లు చివర్లో చెప్పకూడదా?

#2
ఒప్పుకోను తమ్ముడూ. ఎర్రర్ వస్తే గోటూతో దూకే చోట్లకి నువ్వు పెట్టిన లేబుళ్ల పేర్లు ఎర్1, ఎర్2 అయ్యుంటాయి. కెర్నల్ కోడింగ్ స్టైల్ డాక్యుమెంట్ అలాంటి పేర్లే వద్దంటుంది, లేబుల్ చేసే పని పేరులోనే కనిపించాలంటుంది. ఐఆర్‌క్యూ చేతిలో ఉండగా ‘ఫ్రీ రింగ్స్’ అనే లేబుల్‌కి దూకుతుంటే చదివేవాడికి అక్కడే అనుమానం వచ్చేది. నీ బగ్ దాక్కుంది స్టైల్ తప్పులోనే.

#1
అవునన్నా, ఎర్1, ఎర్2లే. ఆ మాట మొదటి రౌండ్‌లో చెప్పుంటే దణ్ణం పెట్టేవాణ్ణి. అన్ని రూల్స్‌నీ ఒకే తక్కెడలో తూచడమే నాకు నచ్చనిది. లేబుల్ పేరు బగ్ పట్టిస్తుంది, వేరియబుల్స్ పొడవు ఏం పట్టిస్తుంది? స్టైల్ తప్పులు పట్టే కెర్నల్ స్క్రిప్ట్ చెక్‌ప్యాచ్‌లో లైన్ పొడవు హద్దుని 2020లో 100కి పెంచారు, నెట్‌డెవ్ మాత్రం 80 దగ్గరే ఉంది. ఉండనీ, పాటిస్తాను, కానీ లైన్లు కొలవడం స్క్రిప్ట్ పని కదా.

#3
మా దగ్గర చెక్‌ప్యాచ్ క్లీన్ కాకపోతే ప్యాచ్ తెరవనే తెరవం. తెరిచాక మొదట చదివేది ఓపెన్, స్టాప్, ట్రాన్స్‌మిట్ ఫంక్షన్లలో ఎర్రర్ దారులు. ఎస్‌కేబీని (ప్యాకెట్ ఉండే బఫర్‌ని) ఫ్రీ చేసేసి, పైగా ట్రాన్స్‌మిట్ బిజీ, అంటే ఇప్పుడు పంపలేను, మళ్లీ ఇవ్వు అని రిటర్న్ చేస్తున్న కోడ్ అలాగే దొరికింది. కెర్నల్ నెట్‌వర్క్ స్టాక్ ఆ ఫ్రీ అయిన ప్యాకెట్‌నే మళ్లీ పంపబోతుంది, ఇక క్రాష్ ఎప్పుడైనా రావచ్చు. ఆ ఫంక్షన్‌లో క్రిస్మస్ ట్రీ మాత్రం చక్కగా ఉంది.

#2
సరే, వరస, కొలతలు స్క్రిప్ట్‌కి వదిలేద్దాం. లేబుళ్ల పేర్లు మాత్రం మొదటి రౌండ్‌లోనే అడుగుతాను, అక్కడ తగ్గను.