గులాబీ ఆకులకు నల్ల మచ్చలు, ఏం కొట్టాలి?

మేడతోట: కుండీల్లో ఆరు గులాబీలున్నాయండి. వానలు మొదలైన దగ్గర్నుంచి కింది ఆకులకు నల్ల మచ్చలు, చుట్టూ పసుపు, ముట్టుకుంటే రాలిపోతున్నాయి. సన్‌షేడ్ కింద ఉన్నదానికి మచ్చల్లేవు గానీ ఆకు దుమ్ము పట్టినట్టు వెలవెలబోయింది. రెండుసార్లు వేపనూనె కొట్టినా లాభం లేదు, టెన్షన్‌గా ఉంది.

గులాబీపిచ్చి: మొదటిది నల్లమచ్చ తెగులు. మచ్చ అంచు ఈకలా చీలినట్టుంటుంది, చూడండి. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే చాలు అంటుకుంటుంది, అందుకే సాయంత్రం పైనుంచి నీళ్లు కొట్టడం మానేసి పొద్దున్నే మొక్క మొదట్లో పోయండి. రాలినవన్నీ ఏరి పారేయండి, కంపోస్టులో వద్దు. లీటరు నీటికి 2 గ్రాముల మాంకోజెబ్ (శిలీంధ్ర తెగుళ్ల మందు), 10 రోజులకోసారి, ఆకు అడుగు కూడా తడవాలి, చేతికి గ్లౌజులు. మచ్చపడ్డ ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్త చిగురు శుభ్రంగా వస్తే మందు పనిచేసినట్టే.

కుండీలక్క: రెండోది నల్లి, ఆకు రసం పీల్చే సన్న పురుగు. వాన తగలని చోటే దానికి ఇష్టం. తెల్లకాగితం మీద ఆకు తట్టండి, చుక్కలు కదిలితే అదే. ముందు పైపుతో ఆకుల అడుగు గట్టిగా కడగండి, మూడు రోజులకోసారి. నల్లికి వాడే గంధకం మాత్రం ఇప్పుడే వద్దు, నూనె కొట్టి రెండు వారాలైనా కాకుండా వేస్తే ఆకు మాడుతుంది.

మేడతోట: కదిలాయక్కా!