కన్ను ‘తెరిచింది’ అనాలా, ‘తెరిచాడు’ అనాలా? ఫ్రాంకెన్‌స్టైన్ నవలలో పేరు లేని పాత్ర గురించి

అందరికీ నమస్కారం. ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో మనం పుస్తక చర్చకు కూర్చున్నప్పుడు తేలకుండా మిగిలిపోయిన విషయం ఇక్కడ రాస్తున్నాను. రాలేకపోయినవాళ్ళు కూడా చదివి తమ మాట చెప్పాలని నా కోరిక.

మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో ఐదో అధ్యాయాన్ని మనవాళ్ళలో ఒకరు తెలుగు చేసి చదివారు. మొదటి పేరాలోనే ఆగిపోయాం. నవంబరు రాత్రి, కిటికీ మీద వాన చినుకులు, అయిపోవస్తున్న కొవ్వొత్తి. ఆ వెలుగులో, విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే యువకుడు శవాల ముక్కలు కుట్టి చేసిన ఆకారం పసుపు రంగు కన్ను తెరుస్తుంది. “కన్ను తెరిచింది” అని చదవగానే విజయవాడ నుంచి వచ్చిన మాస్టారు అడ్డుపడ్డారు: “మగమనిషి కదండీ, తెరిచాడు అనాలి. తెరిచింది అంటే వస్తువు అయిపోతుంది.” తెనాలి అక్క దానికి ఒప్పుకోలేదు. “ఇంకా మనిషి అని ఎవరు చెప్పారు? శవాల ముక్కలే కదా” అన్నారు. మిగతా సమయమంతా దీనికే సరిపోయింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అక్కడ ‘తెరిచింది’ అనే ఉండాలి. కానీ మాస్టారు చెప్పిన కారణం కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మూలంలో ఏముందో చూద్దాం. కన్ను తెరిచిన వాక్యంలో రచయిత్రి వస్తువుకు వాడే సర్వనామమే వాడింది. ఊపిరి పీల్చినప్పుడూ, కాళ్ళూ చేతులూ వణికినప్పుడూ అదే. సరిగ్గా తరువాతి పేరాలో, అవయవాల పొందిక గురించి విక్టర్ చెప్పుకునేటప్పుడు, అది మగవాడికి వాడే సర్వనామంగా మారిపోతుంది. మార్చానని ఎక్కడా చెప్పదు. ఇంగ్లీషులో ఇది చిన్న మాటలో జరిగిపోతుంది, చదివేవాడు గమనించకపోవచ్చు కూడా. తెలుగులో అలా దాచుకునే వీలు లేదు. క్రియాపదం చివర ‘ంది’ ఉందా, ‘డు’ ఉందా అన్నది ప్రతి వాక్యంలోనూ చెవికి వినిపిస్తుంది.

చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుకున్నవాళ్ళకు మహత్తు, అమహత్తు గుర్తుండే ఉంటాయి. స్త్రీలు, తిర్యక్కులు అంటే జంతువులు, జడాలు కానివి మహత్తులు, తక్కినవి అమహత్తులు. ఒక్కరైతే మహత్తుకు క్రియ ‘డు’తో, అమహత్తుకు ‘ంది’తో వస్తుంది. ఆ సూత్రం ఆడవాళ్ళను ఏ గాటన కట్టిందన్న చర్చ మరోసారి తప్పకుండా పెట్టుకుందాం. ఇప్పటికి మన పాత్ర సంగతి. విక్టర్ తనకు కావలసిన సరుకు ఎక్కడ సంపాదించానని చెప్పాడో గమనించారా? శవాలను కోసి పరీక్షించే గదుల నుంచి, కబేళాల నుంచి. కబేళా అంటే పశువులు. అంటే ఈ శరీరంలో మనిషి ఉన్నాడు, తిర్యక్కు ఉంది, ప్రాణం పోయిన జడమూ ఉంది. సూరి గీసిన గీతకు రెండు వైపుల నుంచీ ముక్కలు తెచ్చి కుట్టాడన్నమాట. మన వ్యాకరణం ముందు నిలబెడితే ఈ పాత్ర ఎంత పెద్ద చిక్కో అప్పుడు అర్థమైంది నాకు. మాస్టారూ, అక్కా ఇద్దరూ ఒక్కో ముక్కను పట్టుకుని మాట్లాడారు.

ఇక ‘తెరిచింది’ ఎందుకు ఉండాలంటే, ఆ రూపం వస్తువుకు మాత్రమే చెందింది కాదు. మన ఇళ్ళల్లో పురిటి మంచం దగ్గర ఏమంటాం? “బిడ్డ కళ్ళు తెరిచింది.” “బిడ్డ ఏడ్చింది.” పుట్టింది మగపిల్లవాడే అయినా ‘బిడ్డ’ అన్నప్పుడు క్రియ ‘ంది’తోనే వస్తుంది. శిశువు అన్నా అంతే. అంటే తెలుగులో ఒకే క్రియారూపం శవానికీ సరిపోతుంది, అప్పుడే పుట్టిన బిడ్డకీ సరిపోతుంది. ఆ నవంబరు రాత్రి ఆ బల్ల మీద ఉన్నది సరిగ్గా ఈ రెండూ. ఎనిమిది అడుగుల పొడవున్నా, అది ఊపిరి తీసుకోవడం అదే మొదలు. ఈ రెండర్థాలు మన క్రియలో వాటంతటవే ఉన్నాయి. వాటిని వదులుకోవద్దని నా మనవి.

మరి ‘డు’ ఎక్కడ మొదలుపెట్టాలి? విక్టర్ భయపడి పడకగదిలోకి పారిపోతాడు. పీడకల నుంచి మెలకువ వచ్చేసరికి మంచం తెర ఎత్తి పట్టుకుని ఆ ఆకారం అతని వైపే చూస్తుంటుంది. ఏదో అర్థంకాని శబ్దం చేస్తుంది, నవ్వులాంటిది ముఖం మీదికి వస్తుంది, ఒక చెయ్యి ముందుకు చాస్తుంది. ఇక్కడ “చెయ్యి చాచాడు” అని రాయాలి. కన్ను తెరవడం శరీరం చేసిన పని. చెయ్యి చాచడం ఒక మనిషి ఇంకొక మనిషిని కోరి చేసిన పని. విక్టర్ మెట్లు దిగి పరుగెత్తాడు, అది అతని ఖర్మ. మన వాక్యం మాత్రం ఆ చేతిని చూడాలి.

‘తను’ అని వాడితే గొడవే ఉండదు కదా అని ఒకరు వాట్సాప్‌లో అడిగారు. ‘తను’ సర్వనామం వరకు దాటిస్తుంది, క్రియ దగ్గర మళ్ళీ ‘వచ్చాడా, వచ్చిందా’ అన్న ప్రశ్న ఎదురౌతుంది. తప్పించుకోలేం.

పాత్రను ఏమని పిలవాలన్నది రెండో చిక్కు. నవల అతనికి పేరు పెట్టలేదు. విక్టర్ నోట వచ్చేవి ఎక్కువగా తిట్లే. రాక్షసుడు, భూతం, పిశాచం, సైతాను, ప్రాణి అంటూ మనవాళ్ళు ఆదివారం వరసగా చెప్పారు. వీటిలో ఏ మాట ఎంచుకుంటే క్రియ దాని వెంటే పోతుందని గమనించండి. రాక్షసుడు వచ్చాడు; భూతం వచ్చింది, పిశాచం వచ్చింది, ప్రాణి వచ్చింది. కాబట్టి ఎక్కడపడితే అక్కడ మార్చి వాడితే పాత్ర వాక్యవాక్యానికీ మనిషై, వస్తువై ఊగుతుంది. విక్టర్ కోపంలో మాట్లాడే చోట్ల ఆ ఊగులాట ఉండనివ్వాలి, ఎందుకంటే అతని మనసు అలాంటిదే. ఈ కథంతా విని తన తోబుట్టువుకు రాసి పంపే ఓడ నాయకుడు వాల్టన్ ఉత్తరాల్లో ఉండకూడదు.

సంపాదకీయాల అలవాటు కొద్దీ ‘భస్మాసురుడు’ అందామన్న సూచన నాకు నచ్చలేదు. భస్మాసురుడు వరం అడిగి పుచ్చుకున్నాడు, ఇచ్చినవాడి నెత్తి మీదే చెయ్యి పెట్టబోయాడు. ఇతను ఏదీ అడిగి పుట్టలేదు. విక్టర్‌ను కలిసినప్పుడు కోరింది ముందు తన కథ వినమని, ఆ తరువాత తనకొక తోడు చేసి ఇమ్మని. హత్య చేశాడు, నిజమే, దాన్ని నేను సమర్థించను. అయినా భస్మాసురుడనే పేరు పెడితే కథ మొదటి సగం చెరిగిపోతుంది.

ఇంటిపేరు వాదన మాత్రం నన్ను చాలా ఆలోచింపజేసింది. ‘ఫ్రాంకెన్‌స్టైన్ అంటే చేసినవాడి పేరు, చేయబడినవాడి పేరు కాదు’ అని అందరం దిద్దుతుంటాం. దానికి మాస్టారు ఇలా అన్నారు: “ఫ్రాంకెన్‌స్టైన్ అనేది ఇంటిపేరు కదా. తండ్రి ఇంటిపేరు కొడుక్కి వస్తుంది. జనం పిలుస్తున్నది తప్పెలా అవుతుంది?” మన వైపు ఇంటిపేర్లు ఎన్నో ఊళ్ళ పేర్లే. గుంటూరు శేషేంద్ర శర్మగారి ఇంటిపేరే చూడండి. అలాగే ఫ్రాంకెన్‌స్టైన్ పేరుతో జర్మనీలో డార్మ్‌స్టాట్ దగ్గర కొండ మీద ఒక పాత కోట ఉంది. కాబట్టి ఈ పోలిక తెలుగువాడికి వెంటనే పట్టుబడుతుంది.

కానీ నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఆ ఇంటిపేరు నవలలో ఎలా వినిపిస్తుందో చూడండి. విక్టర్ చిన్న తమ్ముడు విలియం ఊరి బయట పొలాల్లో ఇతనికి ఎదురుపడి, భయంతో గింజుకుంటూ మా నాన్న ఫ్రాంకెన్‌స్టైన్, నిన్ను శిక్షిస్తాడు అంటాడు. ఆ ఒక్క మాటతో పిల్లవాడి ప్రాణం పోయింది. మన వరసలు కలిపి చూస్తే ఆ పసివాడు ఇతనికి బాబాయి. ఆ ఇంటిపేరు ధైర్యంగా చెప్పుకునే హక్కు ఉన్న పిల్లవాడు ఒకడు, లేనివాడు ఒకడు. నవల మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన చోటు ఇదే. అలాంటప్పుడు అనువాదంలో మనం ఆ పేరు ఇచ్చేస్తే, విక్టర్ చెయ్యని పని మనం చేసి రచయిత్రి తెరిచి ఉంచిన గాయాన్ని మూసేసినట్టు అవుతుంది. బారసాల చెయ్యాల్సినవాడు చెయ్యలేదు. బియ్యంలో పేరు రాయలేదు. ఆ ఖాళీ ఖాళీగానే ఉండాలి.

ఖాళీని ఖాళీగా ఉంచడం రచయిత్రికి కూడా ఇష్టమే. 1823లో లండన్‌లో ఈ కథను నాటకంగా వేసినప్పుడు, పాత్రల పట్టికలో ఆ వేషధారి పేరు ఎదురుగా ఉత్త గీతలు అచ్చువేశారు. ఆమె నాటకం చూసి, పేరు పెట్టలేనివాడికి ఆ రకంగా పేరు పెట్టడం బాగుందని ఒక ఉత్తరంలో రాసింది. 1931 నాటి హాలీవుడ్ సినిమా మొదటి టైటిల్స్‌లో ఆ పాత్ర వేసింది ఎవరన్న చోట ప్రశ్న గుర్తు వేశారు. అసలు 1818 జనవరిలో నవల మొదటిసారి అచ్చయినప్పుడు అట్ట మీద రచయిత్రి పేరే లేదు. అంతకు మూడేళ్ళ ముందు, 1815లో, ఆమెకు నెలలు నిండకుండా పుట్టిన ఆడబిడ్డ కొద్ది రోజులకే చనిపోయింది. ఆ బిడ్డకు పేరు పెట్టిన దాఖలా లేదు. ఈ విషయం తెలిశాక ‘బిడ్డ కన్ను తెరిచింది’ అన్న క్రియ మీద నా పట్టుదల ఇంకా పెరిగింది.

విక్టర్ నోట ‘వాడు’ ఉండాలని అందరం ఒప్పుకున్నాం. తెనాలి అక్క చెప్పిన ఒక మాట ఇక్కడ రాసిపెట్టాలి. మన తండ్రులు కొడుకు గురించి చెప్పేటప్పుడు ‘మావాడు’ అంటారు. విక్టర్ అదే ‘వాడు’ అంటాడు, ముందు ‘మా’ ఒక్కసారీ ఉండదు. అనువాదం చేస్తున్నవాళ్ళు పొరపాటున కూడా అక్కడ ‘మా’ చేర్చవద్దు.

అతను స్వయంగా కథ చెప్పే అధ్యాయాల్లోకి వచ్చేసరికి ఈ తగవంతా మాయమౌతుంది. ‘నేను వచ్చాను, నేను చూశాను, నాకు ఆకలేసింది.’ తెలుగులో ‘నేను’కు మహత్తు, అమహత్తు తేడా లేదు. బయటి నుంచి చూసేవాళ్ళకే అతనేమిటన్న సందేహం. అతని నోట వ్యాకరణానికి కూడా ఏ సందేహమూ ఉండదు.

ఆ అధ్యాయాల్లోనే పేర్ల గురించి చక్కటి భాగం ఉంది. డి లేసీ కుటుంబం ఇంటిని ఆనుకుని ఉన్న చిన్న పాకలో దాక్కుని, గోడ సందులోంచి చూస్తూ మాటలు నేర్చుకుంటాడు. నిప్పు, పాలు, రొట్టె, కట్టెలు ముందు. ఆ తరువాత మనుషుల పేర్లు. ముసలాయనకు ఒక్కటే పేరు, ‘నాన్న’. అమ్మాయికి రెండు, అగాథా అని, అక్కో చెల్లో ఆ వరస పిలుపు. అబ్బాయికి మూడు. మనిషికి పేరు కంటే ముందు వరస ఉంటుందని తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక్క వరసైనా లేనివాడు గోడ అవతల నిలబడి ఈ పిలుపులు వింటున్నాడు. రాత్రిళ్ళు వాళ్ళకు కట్టెలు కొట్టి పెడితే, చేసిందెవరో తెలియక మంచి ఆత్మ అని ఆశ్చర్యపోతారు. దీనికి ‘మంచి భూతం’ అని రాసిన చిత్తు ప్రతి చూశాను. దయచేసి మార్చండి. మన పల్లెల్లో తెల్లారేసరికి ఎవరో కట్టెలు కొట్టి పెట్టి ఉంటే “ఎవరో పుణ్యాత్ములు” అంటాం. అతనికి దక్కిన మంచి పిలుపు ఇదొక్కటే, అదీ ఎవరూ చూడనప్పుడు. గౌరవ బహువచనం అక్కడ తప్పక ఉండాలి.

మిగతా పేర్ల గురించి రెండు ముక్కలు. ‘స్టైన్’ అని రాయాలా ‘స్టీన్’ అని రాయాలా అన్న దానికి నేను తలనొప్పి పెట్టుకోను. జర్మన్ పలుకుబడికి ‘స్టైన్’ దగ్గర. ఒకటి పట్టుకుని చివరిదాకా అదే రాస్తే చాలు. ఉత్తరాలు అందుకునే మార్గరెట్, వాల్టన్‌కు అక్కా, చెల్లెలా అన్నది మనం తేల్చుకోక తప్పదు. తన మంచి వయసు ఆమె పెంపకంలో గడిచిందని వాల్టన్ రాశాడు కాబట్టి నాకైతే అక్కే. ఆమె పెళ్ళయ్యాక పేరు మార్గరెట్ వాల్టన్ సావిల్. మూడు పొడి అక్షరాలూ మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీవే.

చేర్పు: ఈ పోస్టు కింద ఒకరు మంచి ప్రశ్న అడిగారు. చూపు లేని డి లేసీ పెద్దాయన గుమ్మంలోకి వచ్చిన ఇతన్ని ‘మీరు’ అనాలా, ‘నువ్వు’ అనాలా? ఇతను తనను బాటసారిగా చెప్పుకుని కాసేపు కూర్చోనిమ్మని అడుగుతాడు. ముఖం కనిపించదు కాబట్టి ఆయనకు భయం లేదు. మాట వింటాడు, దయగా మాట్లాడతాడు. పెద్దమనిషి కాబట్టి ‘మీరు’ సబబేనని మాస్టారు అంటున్నారు. మన గుంటూరు పల్లెల్లో ఆ వయసువాళ్ళు కొత్తవాడిని “ఎవరు నాయనా? లోపలికి రా, కూర్చో” అంటారు. ‘నాయనా’ తండ్రికీ చెల్లుతుంది, కొడుక్కీ చెల్లుతుంది. ఆయన కొడుకు ఫెలిక్స్ వచ్చి కర్రతో కొట్టేదాకా ఆ కాసేపూ అతనికి ఒక వరస ఉందనిపించాలి, అందుకే నాకు ఇది కావాలి. వచ్చే ఆదివారం చదవబోయేది ఆ అధ్యాయమే. ఇంతకంటే నప్పే పిలుపు ఎవరికైనా తోస్తే శనివారం లోపు ఇక్కడ రాయండి, అనువాదం చేస్తున్నవాళ్ళకు వీలుగా ఉంటుంది.