టమాటా: దోరగా కోసి మాగబెట్టాలా, చెట్టునే పండనివ్వాలా?

కుండీతోట:
టమాటా కోత గురించి రెండు సలహాలు వినిపిస్తాయి, ఒకదానితో ఒకటి పొసగవు. కాయ రంగు తిరగ్గానే కోసి ఇంట్లో మాగబెట్టుకోమంటారు కొందరు. పూర్తిగా ఎర్రబడేదాకా చెట్టునే ఉంచమంటారు ఇంకొందరు. రుచి ఎందులో ఎక్కువ, నష్టం ఎందులో తక్కువ? కారణాలతో చెప్పండి. "మేమెప్పుడూ ఇలాగే చేస్తాం" అనే జవాబు వద్దు.

దోరకాయ:
రంగు తిరగ్గానే కోయాలన్నది నా పక్షం. తొడిమకు ఎదురుగా ఉండే అడుగు భాగంలో లేత పసుపో గులాబీనో మరక కనబడుతుంది. అది కాయలో పదో వంతు దాటకముందే కోయాలి. అప్పటికే కాయ తనను పండించే ఇథిలీన్ వాయువును తానే తయారుచేసుకుంటూ ఉంటుంది. పండటానికి ఇక చెట్టు అక్కర్లేదు, ఎండ అసలే అక్కర్లేదు. తగిన వెచ్చదనం ఉంటే చాలు. 20 డిగ్రీల దగ్గర నీడలో పెడితే వారం అటూ ఇటూగా నిండు ఎరుపుకొస్తుంది.

చెట్టున వదిలితే పక్షులు పొడుస్తాయి, కాయతొలుచు పురుగు దూరుతుంది, ఒక్క వాన పడితే పగుళ్లు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఎండ. ఎరుపునిచ్చే లైకోపీన్ 20 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా తయారవుతుంది. 30 దాటితే దాని తయారీ దాదాపు ఆగిపోతుంది. పసుపునిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. వేసవిలో కాయలు ఎన్నాళ్లున్నా నారింజ రంగు దగ్గరే ఆగిపోవడానికి కారణమిదే. అలాంటప్పుడు చెట్టున ఉంచి సాధించేదేమిటి?

పాదుమళ్లు:
రంగు సంగతి ఒప్పుకుంటానండీ, రుచి సంగతి ఒప్పుకోను. ఎర్రబడటం, రుచి రావడం రెండూ ఒకటి కాదు. 1977లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఏడెల్ కేడర్ బృందం వేర్వేరు దశల్లో కోసిన టమాటాలను రుచి పరీక్షకు పెట్టింది. ముందే కోసి 20 డిగ్రీల్లో మాగబెట్టినవాటిలో తీపి తక్కువ, పులుపు ఎక్కువ, టమాటా రుచి తక్కువ అని తేలింది. చక్కెర ఆకుల్లో తయారై తొడిమ గుండా కాయలోకి వస్తుంది. కోసిన క్షణాన ఆ దారి తెగిపోతుంది. గదిలో ఎంత జాగ్రత్తగా పెట్టినా కాయలో ఉన్న సరుకు మారుతుందే గాని, కొత్త సరుకు చేరదు.

పగుళ్ల నేరం పండటం మీద మోపకండి. అది తడిలో వచ్చే తేడా. మట్టి బాగా ఆరిపోయి, ఒక్కసారిగా నీళ్లు అందితే వేళ్లు గబగబా లాగేస్తాయి. లోపలి గుజ్జు ఉబ్బుతుంది, ముదిరిన తొక్క సాగదు, చీలుతుంది. మందు ఒక్కటే, తడి ఎప్పుడూ ఒకేలా ఉండటం. వేలు రెండు కణుపుల లోతు దించి చూడండి, పొడిగా తగిలితే కుండీ అడుగు నుంచి నీళ్లు కారేదాకా పోయండి. పైన 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరవండి, కాండానికి నాలుగు వేళ్లు ఎడం వదలండి. కాయ అడుగు నల్లబడి కుళ్లడానికీ చాలాసార్లు మూలం ఇదే. మట్టిలో కాల్షియం ఉన్నా, నీళ్లు ఆగి ఆగి అందితే అది కాయ కొసదాకా చేరదు. సున్నం చల్లేముందు నీళ్ల సంగతి చూసుకోండి.

దోరకాయ:
చెర్రీ టమాటాల విషయంలో మీ మాటే నిజం. వాటి విలువంతా తీపిలోనే ఉంది, దోరగా కోస్తే చప్పబడతాయి. పండీ పండగానే కోయాలి, ఎందుకంటే ఒక్క రోజు ఆలస్యమైనా పగిలేవి ఎక్కువగా అవే. పెద్ద కాయల విషయంలో మాత్రం నా మాట మీద ఉన్నాను. వాన రాబోతుందంటే, పగటి వేడి 32 డిగ్రీలు దాటుతుంటే, చెట్టున ఉంచి సగం కాయలు పోగొట్టుకునే కన్నా దోరగా కోసుకుని కాస్త తీపి వదులుకోవడం మేలు.

నీడవల:
ఇద్దరూ వదిలేసిన మాట ఒకటుంది. కాయలు త్వరగా పండాలని వాటి చుట్టూ ఆకులు దూసేసేవాళ్లు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. కాయకు నేరుగా ఎండ తగిలితే త్వరగా పండదు, కాలుతుంది. ఎండ సోకిన వైపు ముందు తెల్లగా పాలిపోయి, తర్వాత కాగితంలా పలచబడుతుంది, దాని మీద బూజు పడుతుంది. తొడిమ చుట్టూ పచ్చగా, పసుపుగా గట్టిపడి మిగిలిపోయే వలయానికీ ఎక్కువగా ఈ వేడే కారణం. నేలకు తగిలే ఆకులు, మచ్చలు పడ్డ ఆకులు తీయండి, గెలల మీది గొడుగు ఉంచండి. ఎండ తీవ్రంగా ఉంటే 30 నుంచి 35 శాతం నీడనిచ్చే వల కడితే పెద్ద కాయలను కూడా మరికొన్ని రోజులు చెట్టున ఉంచవచ్చు.

నా లెక్కలో మధ్య దారి ఉంది. కాయ సగం పైన గులాబీ రంగు కమ్మాక కోయండి. తీపి చాలావరకు చేరి ఉంటుంది, తొక్క ఇంకా గట్టిగా ఉంటుంది.

పాదుమళ్లు:
దాన్ని నేనూ కాదనను. ఏ దశలో కోసినా, కోసే తీరు సరిగ్గా ఉండాలి. తొడిమ మధ్యలో ఉబ్బిన కణుపు ఉంటుంది. అక్కడ బొటనవేలు ఆనించి కాయను పైకి వంచితే టక్కున తెగుతుంది. కణుపు లేని రకాలూ ఉన్నాయి, వాటికి కత్తెర వాడండి. లాగితే గెల చీలుతుంది. ఉదయం మంచు ఆరాక కోయండి. నిల్వకు ముందు కడగవద్దు. ఒకే వరుసలో, తొడిమ ఊడిన మచ్చ కిందికి వచ్చేలా పెట్టండి. నీరు ఆవిరయ్యేదీ బూజు దూరేదీ ఎక్కువగా ఆ మచ్చ గుండానే. తొడిమ ముక్క మిగిలి ఉంటే తీసేయండి, పక్క కాయను పొడుస్తుంది.

కుండీతోట:
మరి ఫ్రిజ్? కోసినవన్నీ ఒక్కసారే తినలేం కదా.

నీడవల:
పచ్చివి, దోరవి ఫ్రిజ్‌లో పెట్టనే వద్దు. 12 డిగ్రీల కన్నా చలిలో రోజుల తరబడి ఉంటే తర్వాత బయటపెట్టినా సరిగ్గా పండవు, గుంటలు పడి మచ్చలు మచ్చలుగా కుళ్లుతాయి. పండినవాటి సంగతి వేరు. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హ్యారీ క్లీ బృందం పండిన కాయలను 5 డిగ్రీల్లో 7 రోజులు ఉంచి చూసింది. చక్కెర, పులుపు పెద్దగా మారలేదు, వాసననిచ్చే పదార్థాలు మాత్రం బాగా పడిపోయాయి. వాటిని తయారుచేయించే జన్యువులు చలికి మందగిస్తాయి, మళ్లీ గది వేడికి తెచ్చినా పూర్తిగా కోలుకోవు.

దోరకాయ:
అది ఏడు రోజుల మాట. గది వేడి 28, 30 ఉన్నచోట బాగా పండిన కాయ రెండు మూడు రోజులకే మెత్తబడి కారుతుంది. కుళ్లిన కాయకు వాసన మిగిలిందని సంతోషించలేం కదా! నిండుగా పండినవి రెండు మూడు రోజులకైతే ఫ్రిజ్‌లో పెట్టండి, తినే ముందు రోజు బయట పెట్టండి. అంతకన్నా ఎక్కువ రోజులకు ఫ్రీజరే నయం. కడిగి, తుడిచి, తొడిమ మచ్చ చెక్కేసి, కాయలు కాయలుగానే పెట్టండి. వాడేటప్పుడు కుళాయి కింద పట్టుకుంటే తొక్క జారిపోతుంది. పచ్చిగా తినడానికి పనికిరావు, ఉడికించడానికి బాగుంటాయి.

పాదుమళ్లు:
సీసాల్లో మరిగించి నిల్వ చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. పులుపును పీహెచ్‌తో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు. టమాటా పీహెచ్ 4.6 అంచు దగ్గరే ఉంటుంది, బాగా మగ్గిన కాయల్లో ఆ అంచు దాటిపోవచ్చు, దాటితే మూసిన సీసాలో విషం పుట్టించే సూక్ష్మజీవులు పెరగవచ్చు. అందుకే మరిగించేముందే లీటరు సీసాకు సీసాల్లో అమ్మే నిమ్మరసం రెండు టేబుల్ స్పూన్లో, అర టీ స్పూను సిట్రిక్ ఆమ్లమో వేయాలి. అప్పుడే పిండిన నిమ్మరసం వద్దు, దాని పులుపు ఒక్కో కాయకు ఒక్కోలా ఉంటుంది. ఎండిపోయిన చెట్టు నుంచి కోసిన కాయలు ఈ పనికి వద్దు.

కుండీతోట:
చివరి కాపులో మిగిలిన పచ్చికాయలు మాగుతాయో లేదో ఎలా తెలుస్తుంది?

దోరకాయ:
అదే సైజు కాయను ఒకదాన్ని అడ్డంగా కోయండి. కత్తికి గింజలు తెగితే, లోపల జిగురు లేకపోతే అది ఇంకా లేత, మాగదు. గింజలు జిగురులో జారి కత్తికి తెగకుండా తప్పుకుంటే మిగతావి మాగుతాయి. కాగితపు సంచిలో ఒక పండిన అరటిపండుతో కలిపి పెట్టండి, దాని ఇథిలీన్ వీటిని లేపుతుంది. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. రోజూ తీసి చూడండి. గట్టిగా ఉండే గోధుమరంగు మచ్చ వ్యాపిస్తున్న కాయ కనబడితే వెంటనే వేరు చేయండి, ఆ తెగులు సంచిలో ఆగదు.