గర్భసంచి మూల గోడలో ఎక్టోపిక్ (పిండం నిలవాల్సిన చోట కాకుండా వేరే చోట నిలవడం) వచ్చి, ఆపరేషన్ లేకుండా మందుతో తగ్గినవాళ్లు ఉన్నారా?

మా చెల్లికి పిండం ట్యూబు గర్భసంచిలో కలిసే చోట, గోడ కండ లోపల నిలిచిందని స్కానింగ్‌లో తేలింది, ఇంటర్‌స్టీషియల్ ఎక్టోపిక్ అన్నారు. మామూలుగా ట్యూబులో వచ్చేదానికంటే ఇది చాలా అరుదు, అక్కడ కండ సాగుతుంది కాబట్టి లక్షణాలు ఆలస్యంగా బయటపడొచ్చు, పగిలితే మాత్రం రక్తస్రావం విపరీతంగా ఉంటుంది, మా టెన్షనంతా అదే.

పగలకముందే తెలిసింది కాబట్టి పిండం పెరగకుండా ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇచ్చారు. 4వ రోజుకీ 7వ రోజుకీ మధ్య హెచ్‌సీజీ (రక్తంలో ఉండే గర్భం హార్మోన్) కనీసం 15 శాతం తగ్గాలన్నారు, తగ్గింది. కానీ ఆ తర్వాత చాలా మెల్లగా దిగుతోంది. అంకె తగ్గుతున్నా పగిలే ప్రమాదం పూర్తిగా పోదట, అందుకే కడుపులో గట్టిగా నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఏది వచ్చినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇలా నయమైనవాళ్లు చెప్పండి, హెచ్‌సీజీ పూర్తిగా పోవడానికి ఎన్నాళ్లు పట్టింది? ఆ తర్వాత కూడా స్కాన్‌లో గడ్డ కనిపించిందా? మళ్లీ గర్భం వచ్చినప్పుడు ఆ గోడ గురించి భయపడి ముందే సిజేరియన్ చేశారా?

ఇంకొకటి, తను పైకి మామూలుగానే ఉంటోంది గానీ బిడ్డ పోయిందన్న బాధ గురించి నోరు విప్పట్లేదు. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేస్తే మీకు కాస్త ఊరటగా అనిపించింది?